ఫ్లోరోసిస్: బావి గట్టు నుంచి బ్యాలెట్ పత్రం దాకా

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ మోతాదు మించితే పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. ఇది అంటుకునే రోగం కాదు, వంశంలో దిగే రోగమూ కాదు. ఒకే ఇంట్లో తాతకూ తండ్రికీ మనవడికీ కనిపిస్తుంది, ఎందుకంటే ముగ్గురూ తాగింది ఒకే బావి నీళ్లు. పిల్లల పళ్ల మీద మొదట సుద్ద రంగు మచ్చలు వస్తాయి, తర్వాత అవి పసుపు, గోధుమ రంగు అడ్డచారలుగా మారతాయి. ఊళ్లలో వీటిని గారపళ్లంటారు. అవే నీళ్లు ఏళ్ల తరబడి తాగితే మెడ, నడుము, మోకీళ్లు బిగుసుకుపోతాయి.

ఎముకలోని ఖనిజంలో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట ఫ్లోరైడ్ చేరడం దీనికి మూలం. ఎముక బరువెక్కుతుంది, కానీ పెళుసుబారుతుంది. కీళ్ల చుట్టూ ఉండే స్నాయువుల్లో సున్నం పేరుకుంటుంది. వెన్నుపాము నడిచే దారి ఇరుకై, నరాలు నలిగి, ముదిరిన దశలో కాళ్లు చచ్చుబడతాయి. హైదరాబాదుకు చెందిన నాడీ వైద్యనిపుణుడు డాక్టర్ డి. రాజారెడ్డి ఈ దశ మీద చేసిన అధ్యయనాలను అంతర్జాతీయ వైద్య గ్రంథాలు ఆధారంగా తీసుకున్నాయి.

ఈ జబ్బు చరిత్ర ప్రయోగశాలలో మాత్రమే నడవలేదు. శాస్త్రవేత్తలకు ప్రశ్న అందించింది జనం. శాస్త్రం ఇచ్చిన జవాబు ఊరి దాకా రావడానికి మళ్లీ ఆ జనమే రోడ్డెక్కాల్సి వచ్చింది. ఆ రెండింటి మధ్య గడిచిన కాలం చాలా పెద్దది.

అమెరికా పళ్లు, డెన్మార్క్ ఎముకలు

1901లో కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో ప్రాక్టీసు పెట్టిన ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు స్థానికుల పళ్ల మీద గోధుమ మరకలు గమనించాడు. దంతవైద్యంలో పెద్ద పేరున్న జి.వి. బ్లాక్‌ను ఒప్పించి తన అధ్యయనంలోకి తెచ్చాడు. నీళ్లలోనే ఏదో ఉందని వాళ్లకు అనుమానం, కానీ ఆ ఏదో ఏమిటో తెలియలేదు.

ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊళ్లో తల్లిదండ్రులు అంతకంటే సూటిగా ఆలోచించారు. ఒక వేడినీటి ఊట నుంచి కొత్త గొట్టం వేసిన తర్వాతే పిల్లల పళ్లు మరకలు పడుతున్నాయని 1920లలో మెకేకు చెప్పారు. ఆ గొట్టం వదిలేయమని ఆయన సలహా ఇచ్చాడు. ఊరు నీటి వనరు మార్చుకుంది, ఆ తర్వాతి పిల్లలకు మామూలు పళ్లు వచ్చాయి. దోషి పేరు తెలియకముందే జబ్బు ఆగిపోయిందన్నమాట.

పేరు బయటపడటానికి ఒక కంపెనీ భయం కారణమైంది. ఆర్కన్సాస్ రాష్ట్రంలో బాక్సైట్ అనే ఊరు అల్యూమినియం సంస్థ అల్కోవా కట్టించుకున్నది. అల్యూమినియం గిన్నెల్లో వండితే విషమన్న ప్రచారం సాగుతున్న రోజులవి. ఆ ఊరి పిల్లల గారపళ్లకు అల్యూమినియమే కారణమన్న మాట పుడితే వ్యాపారానికి దెబ్బ. సంస్థ రసాయన శాస్త్రవేత్త హెచ్.వి. చర్చిల్ ఆ నీటిని వర్ణపటమాపకంతో పరీక్షించి 1931లో ఫ్లోరైడ్‌ను పట్టుకున్నాడు. అదే ఏడాది అరిజోనాలో మార్గరెట్ స్మిత్ బృందం, ఉత్తరాఫ్రికాలో వెలూ అనే శాస్త్రవేత్త వేర్వేరు దారుల్లో అక్కడికే చేరారు. తర్వాత ట్రెండ్లీ డీన్ లెక్కలు కట్టి లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము ఉంటే మరకలు పెద్దగా పడవని, పైగా పళ్లు పుచ్చడం తగ్గుతుందని చూపాడు. 1945 జనవరిలో గ్రాండ్ రాపిడ్స్ నగరం తన నీళ్లలో ఫ్లోరైడ్‌ను కావాలనే కలపడం మొదలుపెట్టింది. దాని మీద అమెరికాలో రేగిన వాదం ఇప్పటికీ చల్లారలేదు.

ఎముకల సంగతి ఐరోపాలో తేలింది. కోపెన్‌హేగెన్‌లో క్రయోలైట్ ఖనిజాన్ని పొడిచేసే కార్మికుల ఎక్స్‌రేలలో ఎముకలు అసాధారణంగా చిక్కబడి ఉండటాన్ని 1932లో మొల్లర్, గుడ్‌యాన్సన్ గమనించారు. 1937లో కాయ్ రోహోల్మ్ ఆ కార్మికుల గురించి పెద్ద గ్రంథమే రాశాడు.

నెల్లూరు జిల్లా ఎక్స్‌రేలు

ఆ 1937లోనే మద్రాసులోని గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్ అధిపతి హెచ్.ఇ. షార్ట్, వైద్యుడు మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు బార్నార్డ్, మన్నాడి నాయర్ కలిసి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అప్పటి నెల్లూరు జిల్లాలో, ముఖ్యంగా తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి ప్రాంతాల రైతుల్లో వెన్ను కర్రలా బిగుసుకుపోవడానికి కారణం నీళ్లలోని ఫ్లోరైడేనని అందులో తేల్చారు. కోపెన్‌హేగెన్ కార్మికులకు ఫ్యాక్టరీ దుమ్ము చేసినదాన్ని ఇక్కడ బావి నీళ్లు చేశాయి. నీళ్ల వల్ల ఎముకలు ఇంతగా దెబ్బతింటాయని స్పష్టంగా చూపిన తొలి అధ్యయనాల్లో ఇదొకటి.

వైద్యులకంటే ముందు రైతులకు ఏదో తెలుసు. వేరే ప్రాంతం నుంచి వచ్చి ఆ మెట్టభూములు సాగుచేసుకున్నవాళ్ల ఎద్దులు కొన్నాళ్లకు నడవలేక బిగుసుకుపోయేవని, జబ్బుపడ్డ వాటిని అమ్మి కొత్త జత కొనేవారని, కొన్నేళ్లు గడిచాక అవే లక్షణాలు మనుషుల్లో కనిపించాయని ఈ జబ్బు చరిత్ర రాసినవాళ్లు నమోదు చేశారు. ఎద్దుకు వచ్చింది మనిషికి ఎందుకు వచ్చిందన్న ప్రశ్న పొలంలోనే పుట్టింది. జవాబుకు మాత్రం ఎక్స్‌రే యంత్రం, రసాయన శాల కావలసి వచ్చాయి.

పాత నిజాం రాజ్యం వైపున నల్లగొండ జిల్లా గురించి ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అంటే అప్పటికే రోగం తెలుసు, కారణం తెలుసు, ఊళ్లు తెలుసు. అయినా ఆ ఊళ్ల బావులు మారలేదు. దీన్ని శాస్త్రం వైఫల్యం అనడానికి వీల్లేదు. నీళ్లు ఎవరికి ముందు ఇవ్వాలన్నది ప్రయోగశాల నిర్ణయించదు.

బోరు తెచ్చిన మలుపు

తెలుగు మెట్టప్రాంతాల కింద ఎక్కువగా గ్రానైట్, నైస్ శిలలు. వాటిలోని బయోటైట్, అపటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. నీళ్లు రాతి పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. నీటిలో కాల్షియం తక్కువై, బైకార్బొనేట్ ఎక్కువైతే ఇంకా కరుగుతుంది. చెరువు నీళ్లలో, వానకు నిండే ఊటబావుల్లో ఈ బెడద సాధారణంగా తక్కువ.

1967 కరువు సమయంలో యునిసెఫ్ గట్టి రాయిని తొలిచే గాలి సుత్తి రిగ్గులను దేశానికి తెచ్చింది. తర్వాతి దశాబ్దంలో ఇండియా మార్క్ 2 చేతిపంపు వచ్చింది. ఊరూరా బోరింగులు వెలిశాయి. కలరా, విరేచనాల నుంచి ఇవి ఎన్నో ప్రాణాలు కాపాడాయి, ఆ మేలు చిన్నది కాదు. కానీ సూక్ష్మక్రిములు లేని నీళ్లంటే మంచినీళ్లేనన్న లెక్కలో ఫ్లోరైడ్ పట్టింపు లేకపోయింది. రంగు, రుచి, వాసన లేని పదార్థాన్ని ఎవరు కనిపెట్టగలరు? చెరువులు పూడిపోయి, సాగుకు బోర్లు లోతుకు దిగేకొద్దీ చాలాచోట్ల తాగే నీళ్లు కూడా ఆ లోతుల నుంచే వచ్చాయి. నల్లగొండ పల్లెల్లో కొన్ని బావుల నీళ్లు లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటాయి. భారత ప్రమాణాల సంస్థ కోరదగిన హద్దు 1, వేరే నీళ్లు లేనప్పుడు అనుమతించే గరిష్ఠ హద్దు 1.5 మిల్లీగ్రాములు. బంగ్లాదేశ్‌లోనూ సరిగ్గా ఇదే జరిగింది. అక్కడ గొట్టపుబావుల్లో వచ్చింది ఆర్సెనిక్.

హద్దు అంకె వెనక కూడా ఒక సమాజం ఉంది. డీన్ లెక్క అమెరికా ఊళ్ల పిల్లలది. మే నెల ఎండలో మట్టి మోసే కూలి రోజుకు తాగే నీళ్లు అంతకు రెట్టింపైనా ఉంటాయి, అప్పుడు అదే నీటి నుంచి ఒంట్లోకి చేరే ఫ్లోరైడ్ కూడా పెరుగుతుంది. వేడి ప్రాంతాల్లో హద్దు తగ్గాలని 1950లలో అమెరికా పరిశోధకులే సూత్రం కట్టి చూపారు.

జొన్న, పటిక, చింతపండు

1918లో కూనూరులో బెరిబెరి విచారణగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఈ కథలో కీలకమైనది. 1973లో కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ల్యాన్సెట్‌లో ఈ జబ్బు కొత్త రూపాన్ని నివేదించారు. ఎదిగే పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ పాదాలు ఎడంగా పడే వంకర అది. ఎముకలు చిక్కబడాల్సింది పోయి గుల్లబారుతున్నాయి. జొన్న ప్రధాన ఆహారంగా ఉన్న కుటుంబాల్లో ఇది ఎక్కువ. ఆ నేలల్లో పండిన జొన్నల్లో మాలిబ్డినం ఎక్కువగా ఉండి, ఒంట్లోంచి రాగి బయటికి పోవడానికి అది కారణం కావచ్చని ఆ సంస్థ పరిశోధకులు ప్రతిపాదించారు. నాగార్జునసాగర్ వల్ల భూగర్భ జలమట్టం పెరిగి, నేల క్షారగుణం మారి, పైరు మాలిబ్డినాన్ని ఎక్కువగా పీల్చుకుంటోందన్నది వాళ్ల వాదనలో మరో మెట్టు. ఆనకట్టకూ పిల్లాడి మోకాలికీ మధ్య లంకె వెతకవచ్చని ఒక ప్రయోగశాల అనగలగడమే ఆ రోజుల్లో సాహసం.

నీళ్లను శుద్ధి చేసే ప్రయత్నం నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) నుంచి వచ్చింది. 1970ల మధ్యలో అక్కడి శాస్త్రవేత్తలు రూపొందించినదే నల్లగొండ పద్ధతి. అడుగుకు కాస్త పైన కుళాయి బిగించిన 40 లీటర్ల బకెట్టులో నీళ్లు నింపి, నీటి క్షారతను బట్టి తూచిన పటిక, అందులో ఇరవయ్యో వంతు సున్నం, చిటికెడు బ్లీచింగ్ పౌడర్ వేస్తారు. నిదానంగా కలుపుతారు. గంటసేపు కదపకుండా ఉంచితే తెల్లని మడ్డి ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దిగుతుంది, పైతేట కుళాయిలోంచి వస్తుంది. కరెంటు అక్కర్లేదు, అన్నీ అంగట్లో దొరికేవే. టాంజానియా, కెన్యా, ఇథియోపియా వంటి దేశాల్లోనూ దీన్ని వాడి చూశారు.

తన పేరున్న జిల్లాలో మాత్రం ఈ పద్ధతి ఇంటింటి అలవాటుగా నిలవలేదు. ప్రతిరోజూ తూచాలి, కలపాలి, గంట ఆగాలి, మడ్డి దూరంగా పారబోయాలి. పొద్దున్నే కూలికి పోవాల్సిన ఆడమనిషి మీద ఆ పని మొత్తం పడుతుంది. పటిక ఎక్కువైతే రుచి మారుతుంది, తక్కువైతే ఫలితం ఉండదు. రసాయనం సరిగ్గా పనిచేసినా, ఆ పని ఎవరి రెక్కల మీద సాగాలో పద్ధతి పట్టించుకోలేదు.

వంటింటి నుంచి పరిశోధనకు వెళ్లిన వస్తువు చింతపండు. బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చొప్పున ఇస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన ఖందారే బృందం 2002లో ప్రచురించింది. చింతపండు మంచినీళ్లకు బదులు కాలేదు. కానీ మన పచ్చిపులుసు పరిశోధనకు తగిన అంశమని ఒక శాస్త్రవేత్తకు తోచడం ముఖ్యమైన సంగతే.

ఊళ్లలో జబ్బును గుర్తించడానికి ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఎ.కె. సుశీల ప్రచారం చేసిన పరీక్షలు మూడు కదలికలే: మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు ముట్టుకోవడం, గడ్డం ఛాతీకి ఆనించడం, చేతులు చాచి తల వెనక్కి చేర్చడం. ఆశా కార్యకర్త ఇంటి ముందే చేయించగలిగినవి ఇవి.

480 మంది అభ్యర్థులు

పెళ్లి సంబంధాలు తప్పిపోవడం, నలభై ఏళ్లకే కర్ర పట్టడం, నడుము వంగక కూలి పని దొరక్కపోవడం, ఇవన్నీ నల్లగొండలో ఫ్లోరైడ్‌ను వైద్య సమస్య స్థాయి దాటించాయి. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి కృష్ణా నీళ్లు కావాలని ఉద్యమం నడిపింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నిరసనగా జనం గుంపులుగా నామినేషన్లు వేయడంతో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. చివరికి గెలిచింది సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. ఆ ఏడాదే పార్లమెంటు చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచింది. తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానంలో అదే సంవత్సరం వెయ్యి మందికి పైగా పోటీ చేయడం కూడా దీనికి తోడైంది. షార్ట్ బృందం పత్రం వచ్చి అప్పటికి 59 ఏళ్లు.

నీళ్లను శుద్ధి చేసుకోమనడం మాని, దూరం నుంచి నదీజలాలే తేవాలన్న ఆలోచన బలపడింది ఈ కాలంలోనే. అనంతపురం జిల్లాలో సత్యసాయి ట్రస్టు 1990ల మధ్యలో ఏడు వందలకు పైగా గ్రామాలకు తాగునీటి పథకం కట్టింది. నల్లగొండకు విడతలవారీగా కృష్ణా నీళ్లు చేరాయి. తెలంగాణలో 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని నరేంద్ర మోదీ మిషన్ భగీరథ తాగునీటి పథకాన్ని ప్రారంభించారు. 2020 నాటికి కేంద్రం లెక్కల్లో రాష్ట్రంలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవు.

లెక్కల్లో సున్నా కావడం గొట్టంలో వచ్చే నీటికి వర్తిస్తుంది. వంగిన వెన్ను నీళ్లు మారితే నిటారు కాదు. కుళాయి రాని రోజున ఊరు మళ్లీ బోరు దగ్గరికే పోతుంది. ఇరవై లీటర్ల క్యాను నీళ్లు కొనుక్కునే ఇళ్లలోనూ వంటకు బోరు నీళ్లు వాడితే ఫ్లోరైడ్ అన్నంలో, పప్పులో చేరుతుంది. పొదిలి, దర్శి, కనిగిరి వైపు మెట్ట పల్లెల్లో కుళాయి నీటి కోసం ఎదురుచూపులు మరింత కాలం సాగాయి.

పథకం నిజంగా ఎంత పనిచేసిందో చెప్పగల కొలత ఒకటుంది. శాశ్వత ముందు పళ్ల ఎనామెల్ పుట్టిన తొలి ఏళ్లలోనే తయారవుతుంది, ఆ పళ్లు ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య బయటికి వస్తాయి. 2016 తర్వాత నల్లగొండ జిల్లా మర్రిగూడ, చండూరు, మునుగోడు మండలాల్లో పుట్టిన పిల్లలు ఇప్పుడు ప్రాథమిక బడుల్లో ఉన్నారు. వాళ్ల ముందు పళ్లను, మరకల తీవ్రతను కొలిచే డీన్ సూచికతో లెక్కించి, అదే ఊళ్లో అంతకుముందు పుట్టిన పిల్లల పళ్లతో పోలిస్తే, ఏ ఊళ్లో నీళ్లు నిజంగా మారాయో, ఏ ఊళ్లో కాగితం మీదే మారాయో విడివిడిగా తెలుస్తుంది.