సౌదా నుంచి జీన్ దాకా: దిమాగ్ బీమారీ ఎవరి వారసత్వం?

మా మందమర్రిలో వారసత్వం అంటే ముందుగాల యాదికొచ్చేది సింగరేణి నౌకరీ. అబ్బా బాయి పనికి అన్‌ఫిట్ అయితే ఆ నౌకరీ బేటాకు వస్తదా రాదా అన్నదే ఇంటింటి ఫికర్. రిష్తా మాట్లాడేటప్పుడు మాత్రం ఆ మాటకు ఇంకో మతలబ్ ఉంటది. "వాళ్ల ఖాందాన్‌ల ఎవరికో దిమాగ్ ఖరాబట" అన్న గుసగుస చెవిన పడితే చాలు, పిల్ల ఎంత చదివినా రిష్తా వాపస్ పోతది.

ఈ ఖౌఫ్‌కు పెద్ద తారీఖే ఉంది.

ఉర్దూలో పిచ్చివాణ్ని సౌదాయీ అంటం. యునానీ వైద్యంలో సౌదా అంటే నల్ల పిత్తం. ఇబ్నె సీనా వెయ్యేండ్ల కింద తన 'ఖానూన్'లో మాలీఖూలియాకు సౌదానే సబబ్ అని రాసిండు. అది గలత్ అని ఇప్పుడు తెలుసు. కానీ ఆయన దాన్ని బీమారీ అనే అనుకున్నడు, ఇలాజ్ కూడా రాసిండు. మన దగ్గర నిజాం జమానా పాగల్‌ఖానా జాల్నాలో ఉండె. 1953లో ఎర్రగడ్డకు వచ్చింది. దవాఖానా వచ్చిన బస్తీ పేరే మనకు తిట్టయి కూర్చుంది.

యూరప్‌లో ఇంకా ఘోరం జరిగింది. 1916లో ఎర్న్‌స్ట్ రూడిన్ అనే జర్మన్ డాక్టర్ స్కిజోఫ్రీనియా ఉన్న ఖాందాన్‌లను లెక్కగట్టిండు. మెండెల్ చెప్పిన సీదా హిసాబ్ కుదరలేదు. అయినా 1933లో నాజీలు నస్‌బందీ కానూన్ తెస్తే, దానికి వివరణ రాసినవాళ్లల్ల ఆయనా ఒకడు. ఆ కానూన్ కింద దాదాపు 4 లక్షల మందికి జబర్దస్తీగా పిల్లలు పుట్టకుండా చేసిన్రు.

ఇప్పటి హిసాబ్ వేరు. 2014లో సుమారు 37 వేల మంది స్కిజోఫ్రీనియా మరీజుల డీఎన్‌ఏను లక్షకు పైగా ఇతరులతో పోల్చి చూస్తే 108 జాగాలు దొరికినయి. 2022కల్లా అవి 287 అయినయి. ఒక్కోదాని అసర్ చాలా చిన్నది. వాటిల్ల కొన్ని మనందరిలో ఉంటయి, రిష్తా వాపస్ చేసినవాళ్లల్ల కూడా. ఆ జీన్లు మెదడులో ఏ కణాల్లో ఎక్కువ పనిచేస్తయో 2018లో వెతికిన్రు. పిరమిడల్ న్యూరాన్ల వంటి కొన్ని రకాల కణాల దగ్గర నిషానీ దొరికింది. అంటే నల్ల పిత్తం జాగాలో ఇప్పుడు కణం పేరు చెప్పగలుగుతున్నం. దవా ఎక్కడ పనిచేయాల్నో వెతకడానికి ఇది రాస్తా.

ఇందులో మనం ఎక్కడున్నం? 2015లో పూర్తయిన వెయ్యి జీనోముల ప్రాజెక్టులో 2,504 మంది ఉంటే, బ్రిటన్‌లో ఉండే తెలుగువాళ్లు 102 మంది. కానీ వాళ్ల బీమారీల సంగతి అందులో రాయలేదు. స్కిజోఫ్రీనియా లెక్కలేమో ఎక్కువగా యూరప్ ఖూన్‌వి. వాటితో కట్టిన ఖత్రా లెక్క మన మీద సరిగ్గ కూర్చోదు.

ఖాందాన్ అసర్ అబద్ధమని నేను అనను. అమ్మీకో అబ్బాకో స్కిజోఫ్రీనియా ఉంటే పిల్లలకు ఖత్రా నూటికి దాదాపు పది. మామూలుగా అది నూటికి ఒకటి. అంటే తొంబై మందికి రాదు. ఒక్క తీరుగ పుట్టిన కవలల్ల ఒకరికి వచ్చినా, సగానికి పైగా జోడీల్లో రెండోవాళ్లకు రాదు.

వచ్చే నెల ఏదో ఇంట్లో మళ్లీ రిష్తా మాటలు నడుస్తయి. ఎవరో గొంతు తగ్గించి ఖాందాన్ ముచ్చట తీస్తరు. ఆ తొంబై మంది సంగతి అక్కడ ఎవరన్నా గొంతు పెంచి చెప్పాలె.