నీలకంఠ రొయ్య

గోదావరిలో దొరికే పెద్ద మంచినీటి రొయ్యకు మనవాళ్ల పేరు నీలకంఠ రొయ్య. నీలం నిజమే, కంఠమే లేదు. తలా రొమ్మూ కలిసిపోయి ఒకే పెంకు కింద ఉన్న జీవికి మెడెక్కడిది? ఆ నీలమంతా మగరొయ్య బారు డెక్కలది. పీతకు పది కాళ్లలో మొదటి జత డెక్కలైతే, దీనికి రెండో జత అంతగా పెరిగింది. నోటికి తిండి అందించే చిన్న అవయవాలూ ఒకప్పటి కాళ్లే! ‘రొయ్యకు లేదా బారెడు మీసం’ అనే సామెత మాత్రం డెక్కల్ని వదిలేసి మీసాన్నే పట్టుకుంది.

దీని పిల్లలు బతకాలంటే ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. అందుకే తల్లి గుడ్లతో సముద్రం వైపు దిగుతుంది. కాస్త ఎదిగాక పిల్లలు ఏటికి ఎదురెక్కుతాయి. ధవళేశ్వరం దగ్గర 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట ఆ దారికి అడ్డొచ్చింది.