స్థానిక సభలలో ఖాళీ స్థానములు - వాని చాటింపు చరిత్ర

గ్రామ పరిపాలన చరిత్ర వ్రాయువారు ఎవరు సభ్యులైరి, ఎవరు అధ్యక్షులైరి, ఏ రోడ్డు ఎవరి హయాములో పడెను అను విషయములను విరివిగా వ్రాయుదురు. ఒక స్థానము ఖాళీయైనపుడు ఆ వార్త మొదట ఎవరి చెవిని పడెను, ఊరిలో ఎందరికి చేరెను అను ప్రశ్న వారి దృష్టికి అంతగా రాదు. ఓటు వేయుటకు ముందు ఎవరో ఒకరు పోటీకి నిలువవలెను. నిలుచుటకు ముందు స్థానము ఖాళీగా నున్నదని తెలియవలెను. ఈ మొదటి మెట్టునొద్దనే ఎందరో ఆగిపోయిరి. ఆగినట్లు వారికి కూడ తెలియదు.

ఈ విషయమున మిక్కిలి పాత సాక్ష్యము తమిళదేశమున, కాంచీపురమునకు సమీపమునగల ఉత్తరమేరూరులో నున్నది. చోళరాజగు మొదటి పరాంతకుని పండ్రెండవ, పదునాలుగవ పాలన సంవత్సరములలో, అనగా క్రీ.శ. 919, 921 సంవత్సరములలో, అచ్చటి మహాసభవారు తమ ఉపసంఘములకు సభ్యులను ఏర్పరచుకొను విధానమును ఆలయపు గోడపై శాసనముగా చెక్కించిరి. మొదటి శాసనములోని నిబంధనలను రెండేండ్లకే సవరించి రెండవ శాసనము వ్రాయించిరనగా, ఆ నియమములు అలంకారమునకుగాక ఆచరణకే ఏర్పడినవని గ్రహింపవచ్చును.

ఊరు ముప్పది వాడలుగా విభక్తమై యుండెను. ఒక్కొక్క వాడలో అర్హులైనవారి పేర్లను తాటాకు చీటీలపై వ్రాసి, కట్ట కట్టి, కుండలో వేయుదురు. ఆ దినమున మహాసభ ఆబాలవృద్ధముగా సమావేశము కావలెను. ఊరిలోనున్న ఆలయార్చకులందరును సభామధ్యమున కూర్చుండవలెను. వారిలో పెద్దవాడు లేచి, అందరికి కనబడునట్లు కుండను పైకెత్తి పట్టుకొనవలెను. లోపల ఏమున్నదో ఎరుగని చిన్న బాలుడొకడు చీటీ తీయవలెను. దానిని మధ్యస్థుడు అయిదు వ్రేళ్లు చాచిన అరచేతిలో అందుకొని బిగ్గరగా చదువవలెను. ఆపై అర్చకులు కూడ చదువవలెను. అప్పుడే ఆ పేరు ఖాయమగును. అరచేయి ముడిచిన మరియొక చీటీ అందులో దాగవచ్చునని శాసనకర్తలు ఎరుగుదురు. మానవ స్వభావమును ఇంత నిశితముగా చూచి వ్రాసిన ఎన్నికల నియమావళులు అరుదు.

ఇట్లు ఏర్పడిన ముప్పదిమందిలో పన్నిద్దరు సంవత్సరపు సంఘమునకు, పన్నిద్దరు తోటల సంఘమునకు, ఆరుగురు చెరువు సంఘమునకు చెందుదురు. వారి పదవీకాలము మూడువందల అరువది దినములు. అది ముగిసినంతనే అందరును తొలగవలెను. నడుమ ఎవడైన తప్పు చేసినట్లు తేలినచో వెంటనే తొలగింపబడును. గడచిన మూడేండ్లలో ఏ సంఘములోనైన సభ్యుడుగా నున్నవాడు అర్హుడు కాడు. సభ్యుడుగా నుండి లెక్కలు అప్పగింపనివాడును, వాని దగ్గరి బంధువులును ఏనాటికిని అర్హులు కారు. గ్రామపు లెక్క వ్రాయువాడు తన లెక్కను తానే అప్పగించి నిర్దోషియని అనిపించుకొనవలెనే గాని, మరియొక లేఖకుడు వచ్చి ఆ లెక్కను ముగింపరాదు.

ఈ నియమములన్నిటిలో ప్రస్తుత విషయమునకు ముఖ్యమైనది ఒకటి కలదు. స్థానములు ఎప్పుడు ఖాళీయగునో, ఎవరికి వానిపై హక్కు కలదో, ఎవరికి లేదో, అంతయు అందరు వచ్చిపోవు ఆలయపు గోడపైన రాతిలో నున్నది. ఖాళీ వార్త ఏ ఒక్క ఉద్యోగి దప్తరములోను దాగుటకు వీలులేదు.

అయితే ఈ శాసనమును ప్రజాస్వామ్యపు పుట్టినిల్లని పొగడువారు రెండవ వైపు కూడ చూడవలెను. ఉత్తరమేరూరు బ్రాహ్మణ అగ్రహారము. పన్ను చెల్లించు భూమి కాలు వేలికి పైగా ఉండవలెను. సొంత స్థలములో ఇల్లుండవలెను. వయస్సు ముప్పదియైదునకు పైబడి డెబ్బదికి లోబడి ఉండవలెను. వేదాధ్యయనము చేసియుండవలెను. ఆ చెరువు నీటితో పొలము దున్నిన పాలేరు పేరు ఏ చీటీ పైనను లేదు. వార్త విశాలముగా నుండెను. అర్హత మిక్కిలి ఇరుకుగా నుండెను. తరువాతి వేయి సంవత్సరములలో ఈ రెండును తారుమారైన తీరే ఇక్కడ చెప్పవలసిన చరిత్ర.

స్మృతికారులలో యాజ్ఞవల్క్యుడు సమూహకార్యములను చూచువారు ధర్మజ్ఞులై, శుచులై, లోభములేనివారై యుండవలెనని విధించెను. వారినెట్లు వెదకవలెనో అంత వివరముగా చెప్పలేదు. శాస్త్రము గుణమును చెప్పినది. ఉత్తరమేరూరువారు విధానమును చెప్పిరి. గుణవంతుడు ఎంతటివాడైనను పిలుపు అందనిదే సభకు రాడు గదా!

ఆంగ్లేయుల కాలమున మద్రాసు రాజధానిలో 1871 నాటి స్థానిక నిధుల చట్టముతో ఈ కథ మరల మొదలైనది. 1882 మే నెలలో రిప్పన్ ప్రభువు చేసిన తీర్మానము ననుసరించి 1884లో మద్రాసు లోకలు బోర్డుల చట్టము వచ్చెను. జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, యూనియను పంచాయతి అని మూడంతస్తులు ఏర్పడెను. సర్కారు, రాయలసీమ జిల్లాలలోని తెలుగువారికి బోర్డు మెంబరు అను మాట అప్పటినుండి పరిచితమైనది. ఆరంభకాలమున సభ్యులలో చాలమంది నామినేషను ద్వారా వచ్చినవారు. జిల్లా బోర్డుకు కలెక్టరే అధ్యక్షుడు. నామినేషను పద్ధతిలో ఖాళీని చాటవలసిన అవసరమే లేదు. స్థానము ఖాళీయైనదని ఊరికి తెలియునప్పటికే అందులో మరియొకరు కూర్చుండియుందురు. ఎవరు దొరవారి దర్శనము చేయగలరో వారికే వార్త ముందు తెలియును.

ఎన్నిక వచ్చిన చోట్ల చాటింపు వచ్చినది. సర్కారు ప్రకటనలు జిల్లా గెజెటులో అచ్చగును. వాని నకలు గ్రామచావడిలో అంటింపబడును. తలారియో వెట్టివాడో డప్పు కొట్టి దండోరా వేయును. చూడ మూడు మార్గములు, వాస్తవమున ఒక్కటే. గెజెటు గ్రామమునకు వచ్చినను మునసబు, కరణముల చేతిలోనే యుండెడిది. చావడిలోని కాగితమును చదువగలవారు ఊరికి పదిమంది యుండిన గొప్ప. ఇక మిగిలినది డప్పు.

ఆ డప్పు ఎంత దూరము వినబడవలెనో నిర్ణయించుట కొట్టువాని వశములో లేదు. పెద్దవీథిలో మూడుమార్లు మ్రోగి, శివారు పల్లెలకు పోకుండ ఆగిన దండోరాలు ఎన్నో! మధ్యాహ్నమువేళ, జనులందరు కోతలలో నుండగా వేసిన దండోరా కూడ చట్టరీత్యా దండోరాయే. అందులో మరియొక విడ్డూరము కలదు. ఆ స్థానము ఖాళీగా నున్నదని గొంతెత్తి చాటినవాడు తరచుగా అంటరానివాడని ఊరి వెలుపల ఉంచబడినవాడు. పన్ను చెల్లించువారికి మాత్రమే ఓటున్న ఆ కాలమున ఆ స్థానమును ఆశించు అవకాశము వానికి ఆచారములో లేదు. చాలవరకు చట్టములోను లేదు. వార్తను మోసినవానికి వార్తలో భాగము లేకుండెను.

1920లో లోకలు బోర్డుల చట్టమును, గ్రామ పంచాయతుల చట్టమును వేరువేరుగా చేసిరి. 1934లో తాలూకా బోర్డులు రద్దయినవి. ఈ మార్పులను ఇక్కడ విస్తరింప పనిలేదు. వార్త విషయమున ఈ కాలములో జరిగిన పెద్ద మార్పు చట్టసభలలో గాక పఠనమందిరములలో జరిగినది.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార మహాసభ జరిగెను. అయ్యంకి వెంకటరమణయ్య గారి ప్రేరణతో ఉద్యమము ఊరూర వ్యాపించెను. ఆ సంవత్సరమే ఆంధ్రపత్రిక మద్రాసునుండి దినపత్రికగా వెలువడసాగెను. కృష్ణాపత్రిక 1902 నుండియే నడచుచుండెను. గ్రంథాలయమునకు పత్రిక రాగా, చదువు వచ్చిన ఒకడు చదువగా, రానివారు చుట్టు కూర్చుండి వినిరి. బోర్డులలో ఎవరు రాజీనామా ఇచ్చిరో, ఎన్నిక ఎప్పుడో చావడికి పోకుండనే తెలియు మార్గము ఇట్లు ఏర్పడినది. దప్తరమునకు వెలుపల వార్త నిలిచిన మొదటి చోటు ఇదియే. కరణమునకు ఇది అంత ఇష్టమైన మార్పు కాదని వేరుగ చెప్పనక్కరలేదు.

స్వాతంత్ర్యము తరువాత అర్హత ఒక్కసారిగా విశాలమైనది. వయోజనులందరికి ఓటు వచ్చెను. 1959 అక్టోబరు 11వ తేదీన నెహ్రూ పండితుడు షాద్‌నగరులో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్యమును ప్రారంభించెను. పంచాయతి సమితులలో సర్పంచులతోపాటు స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి కోఆప్షను ద్వారా స్థానములు కల్పింపబడెను. ఉద్దేశము మంచిదే. కాని కోఆప్షను చేయువారు లోపలివారు. బయటనున్న స్త్రీకి తనకొరకు ఒక కుర్చీ ఖాళీగా నున్నదని ఎవరు చెప్పవలెను? చాటింపు లేని స్థానములో లోపలివారి ఇంటి ఆడపడుచులే కనబడిన ఆశ్చర్యమేమి? 1964లో గ్రామ పంచాయతుల చట్టము వచ్చి, ఆంధ్ర ప్రాంతమునందలి 1950 నాటి మద్రాసు చట్టమును, తెలంగాణమునందలి 1956 నాటి హైదరాబాదు చట్టమును తొలగించి రెండు ప్రాంతములకు ఒకే పద్ధతి తెచ్చెను.

తరువాత వచ్చినది మరియొక రకపు ఖాళీ. 1970లో గ్రామ పంచాయతి ఎన్నికలు జరిగిన పిమ్మట మరల సాధారణ ఎన్నికలు 1981లోగాని జరుగలేదు. ఉత్తరమేరూరులో మూడువందల అరువది దినములు లెక్కించినవారి వారసులము పదునొకండు సంవత్సరములు లెక్క మరచితిమి. ఈ జాడ్యమును మాన్పుటకే 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన డెబ్బదిమూడవ రాజ్యాంగ సవరణ, పంచాయతి కాలము అయిదేండ్లనియు, అది ముగియకముందే ఎన్నిక జరుగవలెననియు, రద్దయినచో ఆరు మాసములలో జరుగవలెననియు విధించినది. అయినను ఆంధ్రప్రదేశ్ పంచాయతులు 2018 ఆగస్టులో గడువు తీరి, 2021 ఫిబ్రవరి ఎన్నికలవరకు ప్రత్యేకాధికారుల పాలనలో నుండెను.

ఖాళీ వార్త తెలిసినంత మాత్రమున అంతయు చక్కబడునని కాదు. తమిళనాడులో మధుర జిల్లాయందలి పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్మంగళము అను పంచాయతులలో అధ్యక్షస్థానము 1996లో షెడ్యూల్డు కులములకు కేటాయింపబడెను. ఖాళీ సంగతి పసిపిల్లలకు కూడ తెలియును. ఐనను పెత్తందారీ కులముల బెదరింపుచే నామినేషను వేయుటకు భయపడుటయో, గెలిచినవారు వెంటనే రాజీనామా ఇచ్చుటయో జరిగి, 2006లోగాని అచ్చట ఎన్నిక నిలువలేదు. పదేండ్లు ఆ కుర్చీ ఊరందరి కన్నుల ఎదుట ఖాళీగా నుండెను. అచ్చట లోపించినది వార్త కాదు, అభయము.

మన ప్రాంతమున ఏకగ్రీవములను గూర్చి కూడ ఈ దృష్టితోనే ఆలోచింపవలెను. అందరును తెలిసి, కూర్చుండి, మాటలాడుకొని ఒకరిని నిలుపుట ఒక ఏకగ్రీవము. నామినేషను గడువు ముగిసినదాక సగము ఊరికి తెలియకుండుట మరియొక ఏకగ్రీవము. లెక్కలలో రెండును ఒకే మాటగా వ్రాయబడును. మొదటిది ఊరికి గౌరవము. రెండవది నలుగురి నేర్పు.

1984లో వంశపారంపర్యపు కరణ, మునసబు ఉద్యోగములు రద్దయినవి. దప్తరము చేతులు మారినది. కాని దప్తరపు గుణము పూర్తిగా మారినదా అనునది వేరు ప్రశ్న. 2005 అక్టోబరు 12 నుండి పూర్తిగా అమలులోనున్న సమాచార హక్కు చట్టము నాలుగవ సెక్షనులో ప్రతి ప్రభుత్వ కార్యాలయము ఎవరును అడుగకుండనే పదునేడు అంశములను ప్రకటింపవలెనని చెప్పినది. అందులో ఎనిమిదవది బోర్డులు, కౌన్సిళ్లు, కమిటీలకు సంబంధించినది: ఏ యే సంఘములు కలవు, వాని సమావేశములకు ప్రజలు రావచ్చునా, వాని మినిట్సును ప్రజలు చూడవచ్చునా అనునవి చెప్పవలెను. ఉత్తరమేరూరు తరువాత ఇంత స్పష్టముగా సభ తలుపు తెరిచిన నియమము మరియొకటి కనబడదు. కాని ఆ వాక్యములో ఒక లోటు కలదు. ఉన్న సంఘములను చెప్పుమన్నదేగాని, అందులో ఏ స్థానము ఎప్పటినుండి ఖాళీగా నున్నదో, దానిని ఎవరు ఎట్లు నింపుదురో చెప్పుమని విడిగా అనలేదు. అడిగినవారికి మాత్రము ఆ సమాచారమును ఇయ్యవలసినదే.

ఈ అడుగుట ఎన్నికైన పంచాయతితో ఆగదు. గ్రంథాలయములనే చూడుడు. 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టము గ్రంథాలయ పన్ను విధించెను. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము ననుసరించి ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. అది రూపాయికి ఎనిమిది పైసలైనది. ఆ ధనముతో నడచు జిల్లా గ్రంథాలయ సంస్థలో ఎన్ని స్థానములున్నవో, ఎన్ని నిండినవో పన్ను చెల్లించు గృహస్థులలో ఎందరికి తెలియును?

అడుగుటకు ఖర్చు కూడ లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2005లో చేసిన నియమముల ప్రకారము సమాచార హక్కు దరఖాస్తునకు గ్రామస్థాయిలో రుసుము లేదు. మండలస్థాయిలో అయిదు రూపాయలు, ఆపై కార్యాలయములలో పది రూపాయలు. తెల్లకాగితముపై తెలుగులో వ్రాసియిచ్చిన చాలును. "మీ కార్యాలయమునకు సంబంధించిన సంఘములలో ఖాళీ స్థానములెన్ని? ఏ తేదీనుండి? ఎవరు నింపవలెను? అందుకై ప్రకటన ఎచ్చట, ఏ తేదీన అంటించిరి?" అను నాలుగు ప్రశ్నలకు ముప్పది దినములలో వ్రాతపూర్వకముగా జవాబు రావలెను.