తడిసిన తివాచీని బాగుచేయడం

పైపు పగిలో, ట్యాంకు పొంగో, స్లాబు కారో ఇంట్లో పరిచిన తివాచీ నానిపోతే అందులోని నీటిని తీసి, శుభ్రం చేసి, లోపలిదాకా ఆరబెట్టే పని ఇది. ఇందులో ఉతకడం కొంచెమే, ఆరబెట్టడమే పెద్ద పని. పైన చేత్తో తడిమితే పొడిగా తగిలే తివాచీ అడుగున ఇంకా రెండు మూడు రోజులు తడి ఉండవచ్చు. బూజు మొదలయ్యేది, జిగురు ఊడేది, నూలు పుచ్చిపోయేది ఆ అడుగునే.

అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంలో, అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట వంటి ఊళ్ళలో ఈ పని మరీ కష్టం. నర్సీపట్నం దాటి మన్యానికి వెళ్ళే దారిలో, తూర్పు కనుమల పాదాన ఉన్న ప్రాంతమిది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, అవి తగ్గీ తగ్గకముందే అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతపు తుఫాన్లు. స్లాబులు కారేదీ అప్పుడే, బట్టలు ఆరనిదీ అప్పుడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటాక ఉత్తరాంధ్రలో చాలా ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్యాను తిరగని ఇంట్లో, ముసురు పట్టిన వేళ, తివాచీలోని తడికి బయటికి పోయే దారే ఉండదు.

ఏ రకం తివాచీ

తెలుగు ఇళ్ళలో తివాచీ అనే మాట కింద చాలా రకాలు చేరతాయి. ఏది తడిసిందో తెలుసుకోకుండా చేయి పెడితే నీళ్ళు చేసిన నష్టం కన్నా మనం చేసేదే ఎక్కువవుతుంది.

ఊళ్ళలో ఎక్కువగా కనిపించేది పెళ్ళిళ్ళకు టెంట్‌హౌస్ వాళ్ళు పరిచే ఎర్రటి, ఆకుపచ్చటి తివాచీ. దాన్ని ప్లాస్టిక్ జాతి పీచుతో చేస్తారు కాబట్టి పీచు నీటిని పీల్చదు, నీళ్ళు సందుల్లో మాత్రమే నిలుస్తాయి. గొట్టంతో కడిగి ఎండలో వేస్తే చాలు. మిషన్ మీద కుచ్చులు గుచ్చి వెనకాల జిగురుతో రెండో పొర అతికించిన తివాచీల సంగతి వేరు. వాటి కుచ్చులు త్వరగానే ఆరతాయి గానీ రెండు పొరల మధ్య జిగురు నానితే పొర ఊడి బుడగలు లేస్తుంది. వెనక పొర జనపనారదైతే అందులోని గోధుమరంగు ఆరుతున్న తడితోపాటు పైకి ఎక్కి కుచ్చుల కొసల్లో మరకగా తేలుతుంది.

జంపఖానా మన ఇళ్ళకు బాగా అలవాటైన వస్తువు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు నూలువి. అక్కడి కొత్తవాడ మగ్గాలు వాటికి పేరు. నూలు జంపఖానా తడికి బలం కోల్పోదు కానీ కుంచించుకుపోతుంది, రంగు వదులుతుంది. పక్కనున్న తెల్ల గళ్ళలోకి ఎరుపు పాకిందంటే దాన్ని తిరిగి లాగడం దాదాపు అసాధ్యం.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూసుకోవలసింది చేత్తో ముడులు వేసిన ఉన్ని తివాచీ. పర్షియా నుంచి వచ్చి స్థిరపడిన నేతగాళ్ళతో ఈ విద్య ఏలూరుకు చేరిందని చెబుతారు. వరంగల్ తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శన దాకా వెళ్ళాయి. ఇటువంటి తివాచీలో సాధారణంగా పడుగు, పేక నూలువి, పైన ముడులు ఉన్నివి. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను తడి తెలియనివ్వకుండా దాచుకోగలదు. అందుకే తాతల నాటి ఉన్ని తివాచీ ఉన్నవాళ్ళు చేతి స్పర్శను నమ్ముకోకూడదు.

నీళ్ళు ఎక్కడివి

నీటి నష్టాన్ని సరిచేసే పనివాళ్ళ కోసం అమెరికాలోని ఐఐసిఆర్‌సి అనే సంస్థ 1994లో మొదట ప్రచురించిన ఎస్500 ప్రమాణం నీటిని మూడు తరగతులు చేస్తుంది. కుళాయి గొట్టం, వాటర్ ఫిల్టర్ ట్యూబు, ట్యాంకు నుంచి వచ్చినవి మొదటి తరగతి. వాషింగ్ మెషీన్ వదిలిన నీళ్ళు రెండోది. మురుగు, వరద మూడోది. ఇందులో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. మంచినీళ్ళు కూడా తివాచీలో నిలిచిన కొద్దీ రెండో తరగతికీ, ఆపైన మూడో తరగతికీ దిగజారతాయి. కాబట్టి ఎక్కడి నీళ్ళు అనే ప్రశ్నతోపాటు ఎప్పటి నీళ్ళు అని కూడా అడగాలి.

స్లాబు కారిన నీళ్ళు పైకి వాన నీళ్ళలా తేటగా ఉన్నా కాంక్రీటులోని సున్నాన్ని కరిగించుకుని వస్తాయి. ఆరాక తెల్లటి చారలు మిగులుతాయి, ఆ క్షారం ఉన్నిని పెళుసు చేస్తుంది. అలా తడిసిన ఉన్ని తివాచీని మంచినీళ్ళతో ఒకసారి జాడించాకే ఆరబెట్టాలి. బోరు నీళ్ళలో ఇనుము ఉంటే తుప్పు రంగు పడుతుంది. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళలో లవణాలు ఉండవు గానీ, గొట్టంలో పట్టిన జిగట పాచి వెంట వస్తుంది.

మొదటి గంటలు

ముందు కరెంటు మెయిన్ ఆపాలి. తివాచీ కింద ఎక్స్‌టెన్షన్ వైరు ఉంటే, స్విచ్‌బోర్డు దాకా తడి ఎక్కితే, నీళ్ళలో అడుగు పెట్టకముందే ఈ పని జరగాలి. ఆ తర్వాత కారే చోటు కట్టేయాలి. బరువైన సామాను తీయాలి. తీయలేని బీరువా కాళ్ళ కింద ప్లాస్టిక్ ముక్కలు పెట్టాలి, లేకపోతే ఇనుప కాళ్ళ తుప్పు, చెక్క కాళ్ళ పాలిష్ తివాచీకి అంటుకుంటాయి.

నానిన తివాచీని ఒక మూల పట్టుకుని ఈడ్చకూడదు. లీటరు నీరు కిలో బరువు. హాలు తివాచీ ఎన్ని లీటర్లు తాగిందో ఊహించుకుంటే ఆ మూల పోగులు ఎందుకు తెగుతాయో అర్థమవుతుంది. ఉన్నచోటే నీళ్ళు తీయడం మేలు. పాత తువ్వాళ్ళు, లుంగీలు పరిచి వాటి మీద నిలబడి తొక్కాలి. పిండి, మళ్ళీ పరిచి తొక్కాలి. రుద్దకూడదు, రుద్దితే కుచ్చులు చిక్కుపడతాయి. పట్టణంలోని కారు వాష్ షాపుల్లో నీళ్ళు పీల్చే వ్యాక్యూమ్ ఉంటుంది, గంటసేపు అద్దెకు దొరికినా సగం పని అయినట్టే. యంత్రం బయటికి లాగిన నీరు ఆవిరై పోవలసిన అవసరం లేదు. వానాకాలంలో ఇంతకన్నా పెద్ద లాభం లేదు.

రంగు వదులుతుందేమో తెలియాలంటే తెల్ల గుడ్డ తడిపి, తివాచీ వెనక మూలలో ఒక్కో రంగు మీద నిమిషంసేపు అదిమి పట్టాలి. గుడ్డకు రంగు అంటితే సబ్బు మాట పక్కన పెట్టి, పిండటం, ఆరబెట్టడం వేగం చేయాలి.

ఆరబెట్టడం

బూజు మొలకెత్తడానికి 24 నుంచి 48 గంటలు చాలు. అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన గడువూ ఇదే: ఆలోగా ఆరితే చాలావరకు బూజు పట్టదు.

మన ఊళ్ళలో ఇందుకు నులక మంచం కన్నా మంచి పరికరం లేదు. రెండు నులక మంచాలు పక్కపక్కన వేసి వాటి మీద తివాచీని బోర్లా, అంటే వెనక భాగం పైకి వచ్చేలా పరిస్తే గాలి రెండు వైపులా ఆడుతుంది, బరువు అంతటా సమానంగా ఆనుతుంది. ఉత్త గచ్చు మీద పరిస్తే కిందివైపు తడి అలాగే ఉండిపోతుంది. పిట్టగోడ మీద వేలాడదీయడం ఇంకా చేటు. నీరంతా కిందికి దిగుతూ రంగును కూడా దింపుతుంది, ముడుల తివాచీ తన బరువుకే సాగిపోతుంది. మంచాలు లేకపోతే ఇటుకల మీద వెదురు కర్రలు పేర్చినా పని జరుగుతుంది.

ఫ్యాను తివాచీ మీదికి కాకుండా అడుగు నుంచి దూసుకుపోయేలా నేల మీద పెట్టాలి. తడి పీచుల వెంట పైకి, దీపపు వత్తిలో నూనెలా, ఎగబాకుతుంది. అడుగు మైల కూడా దాంతోపాటు వచ్చి కుచ్చుల కొసల్లో తేలుతుంది. బోర్లా వేయమనడం ఇందుకే: తేలే మరకేదో వెనకనే తేలుతుంది.

తలుపులు తీయాలా మూయాలా అన్నది బయటి గాలిని బట్టి ఉంటుంది. ఎండ కాసి పొడిగాలి వీస్తుంటే అన్నీ తీయాలి. జల్లు పడుతూ గోడలు చెమర్చే రోజున కిటికీలు మూసి, ఏసీ ఉన్న గదిలోకి మార్చి, డ్రై మోడ్‌లో నడపడం మేలు. ఏసీ లేని ఇంట్లో వాన ఆగిన ప్రతి గంటనూ వాడుకోవాలి. ప్లాస్టిక్ జాతివి ఎండలో వేయవచ్చు. ఉన్ని, రంగు నూలు నీడలోనే ఆరాలి, అప్పుడప్పుడూ ఎండ తగిలితే వెనక వైపు తగలాలి.

ఆరిందో లేదో చూడటానికి తివాచీ మధ్యలో, నడుము వంచి దగ్గరగా, కుచ్చులను రెండు బొటనవేళ్ళతో పాయ తీసి మొదలు దాకా చూడాలి. ఆ మొదట్లో కాగితపు రుమాలు మడిచి గట్టిగా అదమాలి. కాగితం మెత్తబడితే ఇంకా తడి ఉంది.

సబ్బు, వాసన

ఉన్ని పట్టు అంత సున్నితం. బట్టల సోడా, బ్లీచింగ్, ఎంజైములున్న వాషింగ్ పౌడర్ మూడూ దానికి పనికిరావు. బ్లీచింగ్ ద్రవం ఉన్నిని కరిగించేస్తుంది, ఎంజైములు దాన్ని తినేస్తాయి. గాఢత తక్కువున్న షాంపూ కొద్దిగా, చల్లటి నీళ్ళు సరిపోతాయి. జనపనార మరకకు ఒక వంతు తెల్ల వెనిగర్, నాలుగు వంతుల నీళ్ళు కలిపి గుడ్డతో అద్దాలి. తుప్పు మరకకు నిమ్మరసం. వాసన పోకపోతే పూర్తిగా ఆరాక వంట సోడా చల్లి ఒక రాత్రి ఉంచి దులపాలి, అయితే ఉన్ని మీద అది కూడా మితంగానే. బ్లీచింగ్‌ను బాత్‌రూమ్ యాసిడ్‌తో ఎన్నడూ కలపకూడదు. అప్పుడు పుట్టే క్లోరిన్ వాయువు మూసిన గదిలో ప్రాణం తీయగలదు.

పర్షియా వాళ్ళు తరతరాలుగా తివాచీలను పారే నీటిలో ఉతికారు. టెహ్రాన్ దక్షిణాన చెష్మె అలీ ఊట దగ్గర కొండరాళ్ళ మీద పరిచి ఆరబెట్టేవారు. కాషాన్ దగ్గర మష్హద్ అర్దెహాల్‌లో ఏటా జరిగే తివాచీ కడిగే వేడుకను 2012లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. నీళ్ళంటే ఉన్ని తివాచీకి భయం లేదు. భయమంతా నిలవ తడితోనే. అక్కడి పొడి వాతావరణం సగం పని చేసిపెట్టేది, మన వానాకాలం ఆ సాయం చేయదు.

వదులుకోవలసినవి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళలో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. అలాంటి మురుగు కలిసిన వరదలో నానిన మిషన్ తివాచీలను, వాటి అడుగు స్పాంజిని బాగుచేయబూనడం వృథా, అనారోగ్యం కూడా. పసిపిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్ళు ఉన్న ఇంట్లో అసలు వద్దు. బూజు నల్లగా వ్యాపించిన కొబ్బరిపీచు చాపలదీ అదే దారి. పెద్దల నాటి ముడుల తివాచీ అయితే మాత్రం పారేయకముందు తివాచీల పని తెలిసినవాళ్ళకు ఒకసారి చూపించడం న్యాయం.

మళ్ళీ పరిచే ముందు

తివాచీ ఆరినా నేల ఆరకపోవచ్చు. గచ్చుకు పట్టిన తడి రోజుల తరబడి పైకి వస్తూనే ఉంటుంది. దీన్ని కనిపెట్టే తేలిక పరీక్ష ఒకటుంది: మూరెడు పొడవు, మూరెడు వెడల్పు పాలిథీన్ కాగితాన్ని నేల మీద పరిచి నాలుగు వైపులా టేపు అంటించి, కనీసం 16 గంటలు కదల్చకుండా ఉంచాలి. విప్పినప్పుడు కాగితం లోపల నీటి చుక్కలు కనిపించినా, కింద గచ్చు రంగు ముదిరినా తివాచీని చుట్ట చుట్టి మంచం మీదే ఉంచి, నాలుగైదు రోజులాగి మళ్ళీ చూడాలి.