వాన తేని నైరుతి గాలి

ఆషాఢమాసమున గుంతకల్లు ప్రాంతములో పడమటి గాలి హోరుమని వీచుచుండును. మబ్బులు తల మీదుగా సాగిపోవును. చేను మాత్రము తడవదు. ఈ గాలి నైరుతి ఋతుపవనమే. కేరళను, కన్నడ తీరమును ముంచెత్తు గాలి ఇచట ఇంత పొడిగా ఉండుట యెందులకు? ఇది తెలియవలెనన్న, అసలు గాలి యెందుకు వీచునో మానవుడు తెలిసికొన్న వృత్తాంతము చూడవలెను.

1686లో ఎడ్మండ్ హేలీ సముద్రపు గాలుల పటమొకటి ప్రకటించి, సూర్యుని వేడిమియే గాలికి మూలమనెను. తోకచుక్కకు పేరు వచ్చినది ఈ హేలీ వలననే. వేడెక్కిన గాలి తేలికపడి పైకి లేచును. అచట పీడనము తగ్గును. చుట్టుపట్ల గాలి అటు వచ్చి చేరును. ఎండకాలపు మిట్టమధ్యాహ్నము మన బీళ్లలో లేచు సుడిగాలికిని మొదలు ఈ వేడిమియే. వేసవిలో ఉత్తర భారతము కాగగా హిందూమహాసముద్రపు గాలి ఇటు సాగివచ్చును. కాని అది తిన్నగా దక్షిణమునుండి రాక నైరుతినుండి వచ్చుటేల?

గాలి పక్కకు ఒరుగుటకు హేలీ చెప్పిన కారణము నిలువలేదు. 1735లో జార్జి హాడ్లీ, వృత్తిచే న్యాయవాది, భూభ్రమణమును లెక్కలోనికి తెచ్చెను. భూమధ్యరేఖ వద్ద నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగమున తూర్పునకు తిరుగును. గుంతకల్లు ఉన్న 15వ అక్షాంశమున ఆ వేగము సుమారు 1,610 మాత్రమే. కావున రేఖను దాటి ఉత్తరమునకు వచ్చు గాలి నేలను మించి తూర్పునకు సాగును. అనగా నైరుతి గాలి యగును. హాడ్లీ లెక్క పూర్తిగా సరికాదు. గాలి ఏ దిక్కునకు కదలినను ఉత్తరార్ధగోళమున కుడివైపునకే ఒరుగునని 1850ల దశకములో విలియం ఫెరెల్ చూపెను. ఇతడు అమెరికాలో బడిపంతులుగా పనిచేసినవాడు!

ఇట్లు వచ్చిన గాలి పడమటి కనుమలెక్కునపుడు చల్లబడి, నీటిలో పెద్దపాలు అచటనే విడుచును. ఇవతలకు దిగునపుడు, మబ్బులేని గాలియైనచో, కిలోమీటరునకు సుమారు 10 డిగ్రీలు వేడెక్కును. మంగళూరున ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా కురియగా, అనంతపురం జిల్లాకు దక్కునది సుమారు 550.

అట్టి చోట ఒక్క యేడు వాన తప్పినను గండమే. 1876లో వచ్చిన మహాకరువు బళ్లారి జిల్లాను పీడించెను. 1882 వరకు అనంతపురము అందులోనిదే. గాలిని మాత్రమే నిందించుట న్యాయము కాదు, ఆ యేండ్లలోను ధాన్యము ఓడలకెక్కి విదేశములకు పోయినది. అంతకు ముందే, 1875లో, భారత వాతావరణ శాఖ ఏర్పడియుండెను. దాని మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్, హిమాలయములపై మంచునుబట్టి ఋతుపవనమును ముందుగా అంచనా కట్టజూచెను.

1904లో అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితవేత్త. దేశదేశముల పీడనపు లెక్కలను పోల్చిచూడగా, పసిఫిక్ మహాసముద్రమున పీడనము హెచ్చినపుడు హిందూమహాసముద్రమున తగ్గుట, మరల అది తారుమారగుట కనబడెను. దీనికి 1924లో 'దక్షిణ డోలనము' అని పేరిడెను. పెరూ తీరమునకు ఎదురుగా పసిఫిక్ నీరు అసాధారణముగా వేడెక్కుట దీనితో ముడిపడియున్నదని తరువాతివారు తేల్చిరి. ఈ 'ఎల్ నినో' సంవత్సరములలో మన ఋతుపవనము తరచు బలహీనపడును. 1877 అట్టిదే. అయినను 1997లో ఎల్ నినో ప్రబలముగా ఉండియు, దేశమున ఋతుపవనపు వాన సగటుకు తగ్గలేదు.