వెన్నుపాములోని నిగ్రహం

మా నాయనమ్మ తొలిచూలు బిడ్డ పుట్టిన ఎనిమిదో నాడు పోయింది. బొడ్డు కోసింది కొడవలితో. "పాలు తాగడం మానేసిందిరా. ఎవరు ముట్టుకున్నా విల్లులా బిగుసుకుపోయేది. మొహం మాత్రం నవ్వుతున్నట్టే ఉండేది" అని ఆవిడ చెప్పగా చిన్నప్పుడు విన్నాను. ఊళ్ళో వాళ్ళు గాలి సోకిందన్నారట. అది ధనుర్వాతమని గ్రహించడానికి నాకు ఇరవయ్యేళ్ళు పట్టింది. ముట్టుకుంటే బిగుసుకుపోవడం దేనికి అన్న ప్రశ్న మాత్రం వదలలేదు. దాని వెంటబడి వెళ్ళి వెన్నుపాము చరిత్రలో చిక్కుకున్నాను.

ముందుగా ఒక మాట. ఇన్‌హిబిషన్ అనే పదానికి నిరోధం అనడం వాడుక. ఆ మాట వినగానే మా తరం వారికి గోడల మీది కుటుంబ నియంత్రణ ప్రకటనలు గుర్తుకొస్తాయి. అందుచేత ఇక్కడ నిగ్రహం అంటాను. అర్థానికీ అదే దగ్గరని నా అభిప్రాయం.

నాడి ఆజ్ఞ మోస్తుంది, ఆజ్ఞ అందిన అవయవం పని చేస్తుంది. చాలాకాలం శాస్త్రజ్ఞుల ఊహ ఇంతవరకే సాగింది. పని ఆపమనే ఆజ్ఞ కూడా ఉంటుందని 1845లో జర్మనీకి చెందిన వేబర్ సోదరులు చూపారు. వేగస్ నాడిని విద్యుత్తుతో ప్రేరేపిస్తే గుండె ఆగింది. 1862లో పారిస్‌లో పని చేస్తున్న రష్యన్ శాస్త్రజ్ఞుడు సెచెనోవ్, కప్ప మెదడులో ఒక చోట ఉప్పు పలుకు పెడితే, ఆమ్లంలో ముంచిన కాలిని అది వెనక్కి లాక్కోవడం ఆలస్యమవుతుందని కనుగొన్నాడు.

ఈ పోగులన్నిటినీ ఒక్క తాడుగా పేనినవాడు చార్లెస్ షెరింగ్టన్. మోకాలి చిప్పకు కాస్త కింద సుత్తితో తడితే కాలు ముందుకు ఎగురుతుంది. దానికి తొడ ముందరి కండరం ముడుచుకుంటే చాలదు, వెనకటి కండరం అదే సమయంలో సడలాలి. రెండు ఎద్దులు ఎదురెదురుగా లాగితే బండి కదలదు కదా! ఆ సడలడం కండరం అలసి చేసే పని కాదని, వెన్నుపాములోనే దాని చాలక నాడీకణాలను అణచడం జరుగుతోందని ఆయన 1890ల నుంచి ఓపికగా నిరూపించుకుంటూ వచ్చాడు. 1932లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు ఉపన్యాసానికి ఎంచుకున్న విషయం కూడా నిగ్రహమే.

ఇక్కడ మన అడవుల ప్రస్తావన వస్తుంది. ముషిణి గింజల విషం మనవాళ్ళు బాగా ఎరిగినదే. ఆ విషాన్ని, అంటే స్ట్రిక్నిన్‌ను, 1818లో పారిస్‌లో పెల్తియే, కావెంతూ అనే ఇద్దరు వేరుచేశారు. అది ఇచ్చిన జంతువులో, అంతకుముందు కండరాన్ని సడలించిన ప్రేరణే దాన్ని బిగించడం షెరింగ్టన్ చూశాడు. ధనుర్వాతపు విషమూ అంతే చేసింది. నిగ్రహాన్ని ఈ విషాలు ప్రేరణగా మార్చేస్తున్నాయని ఆయన అనుకున్నాడు. నిజానికి మార్చడం లేదు, తొలగిస్తున్నాయి. మాటున ఉన్న ప్రేరణ అప్పుడు బయటపడుతోంది.

ఆయన శిష్యుడు జాన్ ఎకిల్స్ కథ నాకు మరీ ఇష్టం. నాడీకణాల నడుమ సందేశం రసాయనం వల్ల కాదు, విద్యుత్తు వల్లనేనని హెన్రీ డేల్‌తో ఏళ్ళ తరబడి వాదించినవాడు. న్యూజీలాండ్‌లో పరిచయమైన తత్త్వవేత్త కార్ల్ పాపర్, సిద్ధాంతాన్ని తప్పని తేల్చగలిగేంత పదునుగా చెప్పమని బోధించాడు. 1951 ఆగస్టులో డునెడిన్‌లో బ్రాక్, కూంబ్స్‌లతో కలిసి పిల్లి వెన్నుపాములోని ఒక చాలక నాడీకణంలోకి గాజుసూది దించి చూస్తే, నిగ్రహ సమయంలో వోల్టేజి తన సిద్ధాంతం చెప్పిన దానికి సరిగ్గా ఎదురు దిశలో కదిలింది. ఎకిల్స్ తన ఓటమిని తానే అచ్చు వేయించి రసాయన పక్షంలో చేరిపోయాడు. 1963లో నోబెల్ బహుమతి ఆయనకూ వచ్చింది.

బర్డ్సే రెన్షా పేరు తలచేవారు తక్కువ. చాలక నాడీకణాలు తమ కొమ్మల ద్వారా వెన్నుపాములోనే చిన్న కణాలను రేపి, వాటి చేత తమనే అణచుకుంటాయన్న ఆధారం 1940లలో చూపినవాడు. 1948లో పోలియోతో చనిపోయాడు. ఆ వ్యాధి చంపేది కూడా చాలక నాడీకణాలనే. ఆ చిన్న కణాలకు రెన్షా కణాలన్న పేరు స్థిరపడింది 1954లో.

ఆ తరువాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. వెన్నుపాములో నిగ్రహపు సందేశం మోసే ముఖ్య రసాయనం గ్లైసిన్ అని 1960లలో తేలింది. స్ట్రిక్నిన్ దాన్ని అందుకునే గ్రాహకాన్ని మూసేస్తుంది. ధనుర్వాతపు విషం దారి వేరు. గాయం దగ్గర నాడి కొసలలో దూరి, పైకి పాకి, వెన్నుపాములోని నిగ్రహ కణాలలో ప్రవేశిస్తుంది. అక్కడ గ్లైసిన్ విడుదలకు కావలసిన ఒక ప్రొటీనును కత్తిరిస్తుందని 1992లో ఇటలీలో మొంతెకుక్కో బృందం కనిపెట్టింది. ఒక విషం వినేవాడి చెవులు మూస్తే, రెండోది చెప్పేవాడి నోరు నొక్కుతుంది.

అప్పుడు ఒంటి మీద చెయ్యి వేసినా చాలు, కండరాలన్నీ ఒక్కసారే బిగుస్తాయి. వీపు కండరాలు బలమైనవి కనుక ఒళ్ళు విల్లు అవుతుంది. మొహం కండరాలు పెదవుల కొసలను లాగుతాయి.

నవజాత శిశువుల ధనుర్వాతాన్ని భారతదేశంలో అదుపు చేసినట్టు 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరిచింది. మా నాయనమ్మ అంతవరకు లేదు. ఉన్న రోజుల్లో ఒకసారి నాకు తెలిసినంతలో ఇదంతా ఆవిడకు చెప్పాను. గాలి కాదని, ఎవరి దిష్టీ కాదని, కొడవలి మీది మట్టిలో ఉండే సూక్ష్మజీవి అని.

"కొడవలి కడిగే కోశారు కదరా" అంది.

ఆ క్రిమి బీజాలు నీళ్ళతో కడిగితే చావవు. ఆ మాట ఆవిడతో అనలేకపోయాను.