యుద్ధశేషము నెత్తువారు

ఏ యుద్ధ మెప్పుడు మొదలయ్యెనో, ఏ సేనాని యెచ్చట గెలిచెనో చరిత్రగ్రంథములు తేదీలతో సహా చెప్పును. ఆ యుద్ధము ముగిసిన మరునాడు పొలములలో ప్రేలక పడియున్న గుండ్ల నెవ్వరు ఏరిరి? ఆ పనికి వారికేమి ముట్టెను? ఈ ప్రశ్నలకు ఆ గ్రంథములలో ప్రత్యుత్తర మరుదు. ఎక్కడనో జరిగిన యుద్ధములతో మన చోడవరమువారికేమి పని యని కొందరనవచ్చును. కాని యీ సంగతి మనకంత దూరమైనది కాదు.

1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన ర్యూజో యను జపాను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వైచెను. 1933లో తెరవబడిన విశాఖ రేవు, అప్పుడప్పుడే నిర్మాణ మారంభమైన నౌకానిర్మాణశాల వారి కంటబడెను. జనులు పిల్లలను చంకబెట్టుకొని, మూటలు నెత్తిన బెట్టుకొని లోపలి యూళ్లకు తరలిపోయిరి. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు గుంటూరునకు మారెను. నాడు పడిన బాంబులలో ప్రేలని దొకటి నేటికిని విశాఖ సముద్రతీరమునందలి మ్యూజియములో నున్నది. దానిని చూచువారు బాంబు వైచినవారిని గూర్చి యడుగుదురు గాని, దానిని మట్టినుండి వెలికిదీసిన చేతులను గూర్చి యడుగరు.

ప్రేలని గుండు చచ్చిన పామువంటిదని సామాన్యుల భ్రమ. బండలో బావి త్రవ్వించిన రైతును అడిగిన నిజము దెలియును. బండకు బెజ్జములు వేసి, మందు కూరి, పది తూటాలు ముట్టించినపుడు తొమ్మిది ప్రేలి యొకటి ప్రేలకున్న, ఆ యొక్కటియే తొమ్మిదింటికన్న భయంకరము. అది యేల ప్రేలలేదో యెవ్వరికిని దెలియదు. బాంబు సంగతియు నంతే. లోపలి కీలు సగము కదలి యాగియుండవచ్చును; గడియారము పట్టుకొని నిలిచియుండవచ్చును. పై యినుము త్రుప్పుపట్టినను లోపలి మందు దశాబ్దములు చెడకుండును. ఫ్రాన్సు, బెల్జియము దేశముల రైతులు 1914-18 నాటి గుండ్లను నేటికిని నాగటిచాళ్లలో గనుగొనుచున్నారు.

ఆ మొదటి మహాయుద్ధము ముగిసిన పిమ్మట సిపాయీలు ఇండ్లకు బోవ దొందరపడిరి. అప్పుడు శవములను పాతిపెట్టుటకును, ముండ్లతీగెలను చుట్టుటకును, ప్రేలని గుండ్ల నేరుటకును నిలిచినవారిలో ముఖ్యులు చీనా కూలీలు. ఆంగ్లేయులు ఒడంబడికమీద దెచ్చిన యీ కూలీలు దాదాపు లక్షమంది. వీరిలో అనేకులు 1920వరకు ఫ్రాన్సులోనే యుండిరి. నోయెల్ అను గ్రామమున 800లకు పైగా చీనా కూలీల సమాధులు గలవు. యుద్ధములో సేవచేసినవారికి ఆంగ్ల ప్రభుత్వమిచ్చిన పతకము సిపాయికి వెండిది. చీనా కూలీకిని, మన హిందూదేశపు కూలీకిని అదే యచ్చున పోసిన కంచుది. పతకమునందును కులభేదము పాటింపబడెనన్నమాట.

రెండవ మహాయుద్ధకాలమున లండనులో సఫక్ ప్రభువు (చార్లెస్ హవర్డ్) ప్రభుత్వమువారి సరఫరాశాఖలో పౌరోద్యోగిగా బాంబులు విప్పు పనికి బూనుకొనెను. ఆయనతోపాటు ఆయన కార్యదర్శిని బెరిల్ మోర్డెన్, మోటారు నడుపు ఫ్రెడ్ హార్డ్స్ ఎప్పుడును వెంటనుండెడివారు. ప్రభువు బాంబును పరీక్షించి చెప్పుచుండ నామె వ్రాసికొనెడిది; ఆ వ్రాత యుండుటచేతనే యొకడు చనిపోయినను వెనుకవచ్చువానికి ఆ తెలివి దక్కును. 1941 మే 12న ముగ్గురును ఒకే బాంబువలన మరణించిరి. ప్రభువునకు జార్జి క్రాసు పతకము వచ్చెను. తక్కిన యిద్దరికి ప్రశంసాపత్రమాత్రమే దక్కెను. ప్రాణము మువ్వురిదియు నొక్కటే గదా!

పిమ్మట నీ పని వ్యాపారమయ్యెను. 1991లో కువైటు విడుదలయైన తరువాత అచ్చటి యిసుకలో బాతిన మందుపాతరలను, ప్రేలని గుండ్లను దీయుటకు దేశమును భాగములుగా బంచి, కొన్నింటిని కంపెనీలకు గుత్తకిచ్చిరి. 2003 తరువాత ఇరాకులోను గుత్తేదారులే గుట్టలుగానున్న గుండ్లను గుంతలలో పేర్చి ప్రేల్చిరి. 2009లో అంతర్యుద్ధము ముగిసిన శ్రీలంకయందు తమిళులు తమ పొలములకు తిరిగిపోవలెనన్న ముందు నేల శుభ్రపడవలసియుండెను. అచ్చటికి మన దేశమునుండియు కొన్ని సంస్థలు పోయినవి. మోకాళ్లమీద గూర్చుండి, కడ్డీతో నేలను ఏటవాలుగా బొడిచి చూచుచు, అంగుళమంగుళము జరుగుట వారి పని. భర్తలను గోల్పోయిన స్త్రీలును పిల్లల పోషణకై యీ పనిలో జేరిరి.

ఇందు నేను పరిశీలింపగోరున దొకటి. మలినము చేసినవాడు గౌరవింపబడుటయు, దానిని శుభ్రపరచినవాడు నీచుడగుటయు మన సంఘమునకు క్రొత్తగాదు. మలమూత్రముల నెత్తిన వారిని తరతరములు అంటరానివారిని జేసితిమి. ఆ పనిని నిషేధించు చట్టము 2013లో మరల జేయవలసివచ్చెను. లోకము యుద్ధవిషయమునను అట్లే నడచుచున్నది. గుండు వేసినవానికి విగ్రహము నిలిపి, గుండు తీసినవానికి దినకూలి లెక్కగట్టును.

కొంత మార్పు రాకపోలేదు. 2003లో కుదిరి 2006లో నమలులోనికి వచ్చిన అంతర్జాతీయ నిబంధనప్రకారము, నేలను తన యధీనమున నుంచుకొన్న పక్షము ఆ శేషమును తీయింపవలెను. వేసిన పక్షము, ఆ నేల తన చేతిలో లేకున్నను, సాయపడవలెను. భారతదేశము దీని నంగీకరించినది. కాని మందుపాతరలను నిషేధించిన 1997 నాటి యొడంబడికలో మన దేశము చేరలేదు. శ్రీలంక 2017లో జేరెను.

చోడవరము చెరకుపొలములలో గుండ్లు లేవు. అయినను కూలికై మందును ముట్టు చేతులు మన చుట్టునే గలవు. 2025 ఏప్రిల్ 13న మన అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలము కైలాసపట్నమున బాణసంచా తయారుచేయు చోట ప్రేలుడు సంభవించి యెనమండుగురు కూలీలు మరణించిరి. ఇంటిదగ్గర నిట్టి కూలి దప్ప వేరుదారి లేనివాడు, ఎడారిదేశమున రెట్టింపు జీతమన్న యేమి యడుగును? ఏమియు నడుగడు, వ్రేలిముద్ర వేసి పోవును.

కావున నడుగవలసినది మనము. విదేశమునకు బోవు కూలీకి, అతడు చేయబోవు పని యేదో తెలుగున వ్రాసిన యొడంబడిక చేతికీయవలెను. మందుతో పనియైనచో ముందుగా శిక్షణయు, ప్రాణమునకు బీమాయు లేక పంపరాదు. 1983 నాటి వలసచట్టము క్రింద అనుమతి లేని దళారి మాట నమ్మరాదని గ్రామగ్రామమున జెప్పవలెను. అన్నిటికన్న ముందు, బాంబును చూపించు బడిపంతులు పిల్లలతో దానిని వైచినవాని కథతోపాటు వెలికిదీసిన కూలీ మాటయు నొకటి చెప్పవలెను. ఆ కూలీ పేరు మనకు దొరకకపోయినను అతని పని యెట్టిదో చెప్పగలము గదా.